ఈసీజీ తీయించుకునే ముందు, తీసేటప్పుడు, తీశాక: ఇంటివారికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ సూర్యారావుపేటలోగానీ గుంటూరు కొత్తపేటలోగానీ ఏ గుండె వైద్యుని గది ముందు కాసేపు కూర్చున్నా, అక్కడికి వచ్చినవారి ఫైళ్లలో సన్నని గులాబీ గళ్ల కాగితం ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ఎలక్ట్రోకార్డియోగ్రామ్, అంటే గుండెలో పుట్టే విద్యుత్తును గీతగా రాసిన పత్రం, అందరికీ ఈసీజీగానే పరిచయం. కొన్ని ఆసుపత్రులలో ఈకేజీ అని కూడా రాస్తారు, రెండూ ఒకటే. ఈ పరీక్ష చవకైనది, నొప్పి లేనిది, ఐదు పది నిమిషాలలో ముగిసేది. అయినా దాన్ని ఎప్పుడు తీయించాలి, తీసేటప్పుడు ఏం చూసుకోవాలి, వచ్చిన కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న విషయాలు చాలా ఇళ్లలో తెలియవు. ఈ వ్యాసం ఆ ఇళ్లకోసం. వైద్యుడు చేయవలసిన నిర్ణయాన్ని ఇంట్లో చేసుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు.

ముందుగా ఇది చూపేదేమిటో, చూపనిదేమిటో తెలుసుకోవాలి. గుండె కుడి పై గదిలో ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆ సంకేతం పై గదులను ముడుచుకునేలా చేసి, గుండె మధ్యలో ఉన్న ఏవీ నోడ్ వద్ద క్షణకాలం ఆగి, అక్కడి నుంచి హిస్ కట్ట, పర్కింజీ తంతువుల గుండా కింది గదులకు పాకుతుంది. చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లు ఈ ప్రయాణాన్ని పట్టుకొని గీతగా మారుస్తాయి. యంత్రం ఒంట్లోకి కరెంటు పంపించదు, ఒంట్లో ఉన్నదాన్ని చదువుతుందంతే. అందువల్ల షాక్ కొడుతుందేమోనని పెద్దవాళ్లు భయపడనక్కరలేదు, గర్భిణులకూ పసిపిల్లలకూ దీనివల్ల హాని లేదు. రక్తనాళంలో ఎంత పూడిక ఉందో, కవాటం సరిగా మూసుకుంటోందో లేదో, గుండె ఎంత బలంగా రక్తాన్ని తోస్తోందో ఈ గీత నేరుగా చూపదు. వాటికి యాంజియోగ్రామ్, టూడీ ఎకో వంటి పరీక్షలు వేరే ఉన్నాయి. ఈసీజీ నార్మల్‌గా వచ్చింది కాబట్టి గుండెలో బ్లాకులు లేవని తేల్చుకునేవారు ఈ తేడాను మరిచిపోతున్నారు.

మనిషి గుండె విద్యుత్తును ఒంటి పైనుంచి మొదట నమోదు చేసినవాడు లండన్‌లో పనిచేసిన అగస్టస్ వాలర్, అది 1887లో. దాన్ని వైద్యానికి పనికివచ్చే పరీక్షగా మలచినవాడు నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్లెమ్ ఐంథోవెన్. ఆయన నిర్మించిన యంత్రం గదంతా ఆక్రమించేది, పరీక్షకు వచ్చిన మనిషి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి పాత్రలలో పెట్టి కూర్చోవలసి వచ్చేది. గీతలోని అలలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అనే అక్షరాలు పెట్టింది ఆయనే, 1924లో నోబెల్ బహుమతి అందుకున్నదీ ఆయనే. ఆయన మొదటి మూడు లీడ్లకు, అంటే గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతలకు, ఛాతీ మీది ఆరు లీడ్లు 1930లలో, మిగిలిన మూడు లీడ్లు 1942లో తోడై, నేటి పన్నెండు లీడ్ల ఈసీజీ పూర్తి రూపానికి వచ్చింది.

మొదటి మెట్టు: ఎప్పుడు తీయించాలి

ఈసీజీ విలువలో సగం అది తీసిన సమయంలోనే ఉంటుంది. గళ్ల కాగితం మీద కనిపించేది దాదాపు పది సెకన్ల గుండె కథ మాత్రమే. ఆ పది సెకన్లలో ఏం జరిగిందో అది చెబుతుంది, నిన్న రాత్రి జరిగినదాన్ని, రేపు జరగబోయేదాన్ని చెప్పలేదు. కాబట్టి ఇబ్బంది ఉన్నప్పుడు తీసిన ఈసీజీకి, ఇబ్బంది తగ్గాక తీరికగా తీయించిన ఈసీజీకి చాలా తేడా ఉంటుంది.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు, మండినట్టు ఉండటం, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లని చెమటలు పట్టడం, ఆయాసం, వాంతి వచ్చేట్టుండటం వంటివి కనిపిస్తే ఆలస్యం పనికిరాదు. మన వైపు ఎంతో విలువైన మొదటి గంటను మింగేసేది ఎక్కువగా గ్యాస్ అన్న అనుమానమే. రాత్రి పన్నెండింటికి అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకొని లేచి కూర్చుంటే, "గోంగూర పచ్చడి పడలేదేమో అత్తయ్యగారూ, గ్యాసే అయి ఉంటుంది" అంటూ అల్లుడు సోడా తెప్పిస్తాడు. ఆవిడ వాము నమిలి, తెల్లవారాక చూద్దామంటుంది. అది నిజంగానే గ్యాస్ కావచ్చు. కానీ గ్యాసో గుండెపోటో ఇంట్లో కూర్చొని తేల్చే మార్గం లేదు. త్రేన్పు వచ్చాక నొప్పి కాస్త తగ్గినంత మాత్రాన గుండెపోటు కాదని అర్థం కాదు. మధుమేహం ఉన్నవారికి, వయసు పైబడినవారికి, కొందరు స్త్రీలకు నొప్పి లేకుండా ఆయాసంగానో నీరసంగానో మాత్రమే గుండెపోటు రావచ్చు.

ఇలాంటి వేళ ఈసీజీ తీసే ల్యాబ్ ఎక్కడుందా అని వెతుక్కోకూడదు. 108కి ఫోన్ చేయాలి, లేదా ఎమర్జెన్సీ విభాగం ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. రోగిని బండి మీద వెనుక కూర్చోబెట్టుకొని పోవడం, రోగే కారు నడుపుకుంటూ పోవడం రెండూ ప్రమాదమే. ఇంట్లో ఎవరికో గుండెనొప్పికి రాసిన సార్బిట్రేట్ మాత్ర ఉందని నాలుక కింద పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. బీపీ అప్పటికే పడిపోయి ఉన్నవారికి, గుండె కుడివైపు దెబ్బతిన్నవారికి ఆ మాత్ర హాని చేయగలదు కాబట్టి, వైద్యుడు గానీ 108 సిబ్బంది గానీ చెప్పకుండా ఏ మందూ వేయకూడదు.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఆసుపత్రి చేరిన పది నిమిషాలలోపు ఈసీజీ తీసి వైద్యుడు చూడాలన్నది ప్రపంచమంతటా పాటించే నియమం. ఓపీ చీటీ, అడ్వాన్సు, బెడ్ వంటివన్నీ తర్వాతి సంగతి. వెంట వెళ్లినవారు కౌంటరు దగ్గర నిలబడి "ఛాతీ నొప్పి, ముందు ఈసీజీ తీయండి" అని స్పష్టంగా అడగడం మర్యాద తప్పడం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రులలో ఈసీజీ తీసి, దాన్ని పెద్దాసుపత్రిలోని గుండె వైద్యునికి పంపి, ఆయన సూచన మేరకు రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ అక్కడే ఇచ్చే ఏర్పాటు ఉంది. సత్తెనపల్లి నుంచో తెనాలి నుంచో బయలుదేరినవారు గుంటూరు చేరాకే ఏదైనా అని అనుకోకుండా, దారిలో దగ్గరగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి ఈసీజీ తీయించుకోవడం ఇందువల్ల మేలు.

మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చి నొప్పి మాత్రం తగ్గకపోతే ఇంటికి వెళ్లిపోకూడదు. గుండెపోటు మొదలైన తొలి నిమిషాలలో గీత మామూలుగా ఉండటం అరుదేమీ కాదు. పావుగంటకో అరగంటకో మళ్లీ తీసి పోల్చి చూస్తారు, దానితో పాటు గుండె కండరం దెబ్బతిందేమో తెలిపే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. "ఇందాకే తీశారు కదా, బిల్లు కోసం మళ్లీ తీస్తున్నారు" అన్న మాట ఆ గదిలో తరచుగా వినిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో ఆ అనుమానం పెట్టుకోకపోవడమే మంచిది.

గుండె దడ వచ్చి పోయేవారి సంగతి వేరు. దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీయే వారికి అసలు సాక్ష్యం. దడ వచ్చిన వెంటనే దగ్గరలోని ఏ నర్సింగ్ హోమ్‌లోనైనా ఒక ఈసీజీ తీయించి ఆ కాగితం దాచిపెట్టుకుంటే, ఆ తర్వాత పెద్ద డాక్టరుగారి దగ్గరకు ఎప్పుడు వెళ్లినా అది ఉపయోగపడుతుంది. స్పృహ తప్పి పడిపోయినవారికి కారణమేదని తోచినా ఈసీజీ తీయడం తప్పనిసరి. ఇక ఆపరేషన్‌కు ముందు, బీమా కోసం, బీపీ షుగర్ ఉన్నవారికి వైద్యుడు చెప్పిన గడువుకు తీసేవి మామూలు ఈసీజీలు, వాటికి తొందర లేదు.

రెండవ మెట్టు: బయలుదేరే ముందు

పరగడుపున ఉండనక్కరలేదు, రోజూ వేసుకునే మందులు ఆపనక్కరలేదు. ఛాతీకి, చేతులకు, కాళ్లకు ఆ పూట నూనె, పౌడరు, పూతమందులు రాసుకోకుండా ఉండాలి, ఎందుకంటే వాటి మీద ఎలక్ట్రోడ్లు అంటవు. ముందువైపు హుక్కులు లేదా బొత్తాలు ఉన్న బట్టలు వేసుకుంటే తీయడం సులువవుతుంది. పాత ఈసీజీలు, వాడుతున్న మందుల చీటీ తప్పకుండా వెంట తీసుకెళ్లాలి. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలో నడిచి, మూడంతస్తులు మెట్లెక్కి, ఆ వెంటనే బల్ల మీద పడుకుంటే గుండె వేగం ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది. పది నిమిషాలు కూర్చొని, చెమట ఆరాక తీయించుకోవాలి. అత్యవసరమైతే ఈ నియమాలేవీ వర్తించవు.

మూడవ మెట్టు: తీసేటప్పుడు

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఈసీజీ తప్పులలో చాలావరకు గుండెవి కావు, ఎలక్ట్రోడ్ పెట్టిన చోటువి.

మొత్తం పది ఎలక్ట్రోడ్లు ఉంటాయి, నాలుగు చేతులకు కాళ్లకు, ఆరు ఛాతీకి. ఈ పదింటి నుంచి యంత్రం పన్నెండు దృశ్యాలను తయారుచేస్తుంది, ఒక్కో దృశ్యాన్ని లీడ్ అంటారు. ఇంద్రకీలాద్రిని కృష్ణలంక వైపు నుంచి చూస్తే ఒకలా, భవానీపురం వైపు నుంచి చూస్తే మరోలా కనిపించినట్టే, ఒకే గుండె ఒక్కో లీడ్‌లో ఒక్కో రూపంలో కనిపిస్తుంది. మన ఆసుపత్రులలో ఎక్కువగా కనిపించే తీగలలో కుడి చేతిది ఎరుపు, ఎడమ చేతిది పసుపు, ఎడమ కాలిది ఆకుపచ్చ, కుడి కాలిది నలుపు. అమెరికా పద్ధతి తీగలలో రంగులు వేరుగా ఉంటాయి కాబట్టి రంగును మాత్రమే చూసి తప్పు పట్టకూడదు, తీగ మీద ఉన్న అక్షరాలు చూడాలి.

ఛాతీ మీద చోట్లు కంటితో అంచనా వేసేవి కావు, వేలితో తడిమి లెక్కించేవి. చేయి తిరిగిన టెక్నీషియన్ మెడ కింది గుంట దగ్గర వేలు ఆనించి, రొమ్ము ఎముక మీదుగా కిందికి జారుస్తారు. నాలుగైదు సెంటీమీటర్లలో అడ్డంగా ఒక చిన్న గట్టు తగులుతుంది. ఆ గట్టుకు పక్కన ఉన్నది రెండవ పక్కటెముక, దాని కింది సందు రెండవ సందు. అక్కడి నుంచి మరో రెండు సందులు దిగితే నాలుగవది. అక్కడ రొమ్ము ఎముకకు కుడి అంచున వీ1, ఎడమ అంచున వీ2 పెడతారు. తర్వాత ఐదవ సందులో, ఎడమ కాలర్ బోన్ (భుజం నుంచి మెడ కింది గుంట వరకు ఉండే ఎముక) మధ్య నుంచి కిందికి గీత గీస్తే తగిలే చోట వీ4 పెట్టి, వీ2కూ వీ4కూ నడుమ వీ3 పెడతారు. వీ4కు సమానమైన ఎత్తులో చంక ముందు అంచు సూటిలో వీ5, చంక మధ్య సూటిలో వీ6 వస్తాయి. హడావుడిలో వీ1, వీ2లను ఒకటి రెండు సందులు పైన పెట్టేయడం ఎక్కడైనా జరిగే పొరపాటు. అలా పెడితే ఏనాడూ రాని గుండెపోటు ఎప్పుడో వచ్చి పోయినట్టు కాగితం చూపించగలదు. ఒక్క అంగుళం తేడాకు మనిషి నెల రోజులు నిద్రలేక తిరగవలసి వస్తుంది.

స్త్రీలకు వీ4 నుంచి వీ6 వరకు రొమ్ము కింద పెట్టాలి, దుస్తుల మీదుగా పెట్టడం కుదరదు. మహిళా టెక్నీషియన్‌నో నర్సునో అడగవచ్చు, తెర వేయమనవచ్చు, తీగలు పెట్టాక పైన దుప్పటి కప్పమనవచ్చు. సిగ్గుపడి జాకెట్టు పూర్తిగా తీయకపోతే ఎలక్ట్రోడ్లు పైకి జరిగి, గీత పాడవుతుంది. మంగళసూత్రం తీసేయవలసిన పని లేదు, పక్కకు జరిపితే చాలు. మగవారికి ఛాతీ మీద వెంట్రుకలు దట్టంగా ఉంటే ఆ చోట్లలో కొద్దిగా గీయవలసి వస్తుంది. చెమట ఉంటే తుడిచి, జెల్లీ కొద్దిగా రాసి పెట్టాలి. జెల్లీ ఒక చుక్క నుంచి మరో చుక్కకు కలిసిపోయేంత రాస్తే పక్కపక్క లీడ్లు ఒకేలా వస్తాయి.

పడుకున్నవారు చేతులు ఒంటికి ఆనించి వదులుగా పెట్టుకోవాలి, మాట్లాడకూడదు, మామూలుగా ఊపిరి తీసుకోవాలి. ఏసీ చలికి వణికినా, చేతులు బిగబట్టినా గీత ముళ్లకంచెలా వస్తుంది. ఫోను జేబులోంచి తీసి పక్కన పెట్టడం మంచి అలవాటు. వణుకుడు జబ్బు ఉన్నవారి చేతుల క్లిప్పులను కాస్త పైకి, భుజాల దిశగా మార్చి తీయవచ్చు, అలా తీసినట్టు కాగితం మీద రాయాలి.

నాలుగవ మెట్టు: గది వదలక ముందే చూసుకోవలసినవి

కాగితం చేతికి రాగానే మొదట పేరు, వయసు, తేదీ, సమయం చూడాలి. చాలా యంత్రాలలో గడియారం తప్పుగా ఉంటుంది, పాత తేదీయే ముద్రితమవుతుంది. గుండెపోటు చికిత్సలో గంటలు, నిమిషాలు లెక్కకు వస్తాయి కాబట్టి సమయం తప్పుంటే పెన్నుతో సరిచేయించాలి. నొప్పి ఉన్నప్పుడు తీశారా, తగ్గాక తీశారా అన్నది కూడా రాయించుకుంటే చూసే వైద్యునికి ఎంతో మేలు.

తర్వాత కాగితం వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఎత్తు ఒక మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు అన్న అచ్చు ఉందేమో చూడాలి. కాగితం మొదట్లోనో చివర్లోనో తలుపు ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని ఎత్తు సరిగ్గా రెండు పెద్ద గళ్లు ఉండాలి. ఎత్తును సగానికి తగ్గించి తీసిన కాగితంలో పెద్ద మార్పులు కూడా చిన్నవిగా కనిపిస్తాయి.

ఇక ఏవీఆర్ అనే లీడ్. ఇందులో అలలు మామూలుగా కిందికి తిరిగి ఉంటాయి. ఏవీఆర్‌లో అలలు పైకి లేచి, ఒకటవ లీడ్‌లో అన్నీ తలకిందులై ఉంటే, చాలా సందర్భాలలో కారణం కుడి ఎడమ చేతుల తీగలు మారిపోవడమే. "చేతులవి మారాయేమో ఒకసారి చూడండి" అని అడిగి, మళ్లీ తీయించుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఐదవ మెట్టు: కాగితాన్ని చదవడం

ఒక చిన్న గడి అడ్డంగా 0.04 సెకను, ఐదు చిన్న గళ్లు కలిసిన పెద్ద గడి 0.2 సెకను. గుండె వేగం తెలియాలంటే, పక్కపక్కన ఉన్న రెండు పొడవైన ఆర్ మొనల మధ్య ఎన్ని పెద్ద గళ్లు ఉన్నాయో లెక్కించి, 300ను ఆ సంఖ్యతో భాగించాలి. నాలుగు గళ్లుంటే 75, మూడుంటే 100, ఆరుంటే 50. కొట్టుకోవడం సమానంగా లేనివారికి ఈ లెక్క పనికిరాదు. వారికి అడుగున ఉండే పొడవాటి పది సెకన్ల పట్టీలో ఆర్ మొనలను లెక్కించి ఆరుతో గుణించాలి.

లయ సమానంగా ఉందా లేదా అన్నది చూడటానికి పరికరమేదీ అక్కరలేదు. పాత పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకొని, దాని అంచును గీత కింద ఆనించి, మూడు ఆర్ మొనల దగ్గర పెన్సిలు గుర్తులు పెట్టి, ఆ అంచును పక్కకు జరుపుకుంటూ పోవాలి. గుర్తులు ప్రతిచోటా మొనలతో కలిస్తే లయ సమానం. ఊపిరితో పాటు కొద్దిగా దగ్గరవుతూ దూరమవుతూ ఉండటం పిల్లలలో, యువకులలో సహజం. ఏ క్రమమూ లేకుండా ఒక్కో ఎడం ఒక్కోలా ఉండి, ఆర్ మొనకు ముందు పీ అల కనిపించకపోతే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అందులో గుండె పై గదిలో రక్తం గడ్డకట్టి, అది మెదడుకు చేరి పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంటుంది. దడ తెలియకపోయినా వైద్యుణ్ణి కలవవలసిన గీత ఇది.

ఆపై ఒక్కో అలనూ చూడాలి. పీ అల పై గదులది, అది రెండవ లీడ్‌లో పైకి ఉండాలి, ప్రతి పీ తర్వాత ఒక క్యూఆర్ఎస్ (క్యూ, ఆర్, ఎస్ అలలు కలిసిన గుంపు) రావాలి. పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు వరకు మూడు నుంచి ఐదు చిన్న గళ్లు ఉండటం సహజం. అంతకు మించితే ఏవీ నోడ్ దగ్గర ఆలస్యం జరుగుతోందని అర్థం, బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందుల వల్ల కూడా ఇది రావచ్చు. పీ అలలు తమ దారిన తాము, క్యూఆర్ఎస్‌లు తమ దారిన తాము నడుస్తూ, గుండె వేగం నలభై దరిదాపుల్లో ఉంటే అది పూర్తి బ్లాక్. కళ్లు తిరిగి పడిపోయే పెద్దవాళ్లలో పేస్‌మేకర్ అవసరమని తేల్చేది తరచుగా ఈ గీతే. రక్తనాళంలోని బ్లాకు, విద్యుత్ దారిలోని బ్లాకు రెండూ వేరు వేరు సంగతులు. ఒకదానికి స్టెంటు, రెండవదానికి పేస్‌మేకరు.

క్యూఆర్ఎస్ కింది గదులది, దాని వెడల్పు మూడు చిన్న గళ్ల లోపు ఉండాలి. వెడల్పుగా ఉంటే తరచుగా కారణం కుడి లేదా ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అంటే ఆ వైపు విద్యుత్ దారిలో అడ్డు. కుడివైపుది ఆరోగ్యవంతులలో కూడా కనిపించవచ్చు. ఎడమవైపుది కనిపిస్తే ఎకో చేసి చూడటం వాడుక.

క్యూఆర్ఎస్ ముగిసినచోటి నుంచి టీ అల మొదలయ్యేవరకు ఉన్న భాగం ఎస్‌టీ. అత్యవసర విభాగంలో వైద్యుని కన్ను ముందుగా పడేది దీని మీదే. ఇది మామూలుగా నేలగీతతో సమంగా ఉంటుంది. పక్కపక్క లీడ్లలో ఇది పైకి లేచి ఉంటే రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉండవచ్చు. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో లేస్తే గుండె అడుగు భాగం, వీ1 నుంచి వీ4 వరకు లేస్తే ముందు భాగం, ఒకటి, ఏవీఎల్, వీ5, వీ6లలో లేస్తే ఎడమ పక్క భాగం. అడుగు భాగపు గుండెపోటు అనిపించినప్పుడు ఛాతీ కుడివైపున కూడా ఎలక్ట్రోడ్ పెట్టి మరో ఈసీజీ తీస్తారు, కుడి గది దెబ్బతిందేమో చూడటానికి. నాళం పూర్తిగా మూసుకుందని తేలాక యాంజియోప్లాస్టీ (మూసుకున్న నాళాన్ని బెలూనుతో తెరవడం) రెండు గంటల లోపు జరగగలిగితే అదే మేలైన దారి. అంత త్వరగా జరగదనుకుంటే, లక్షణాలు మొదలై పన్నెండు గంటలు దాటనివారికి టెనెక్టిప్లేస్, స్ట్రెప్టోకైనేజ్ వంటి గడ్డ కరిగించే మందు ఇస్తారు. ఈ మందు ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. ఎస్‌టీ పైకి లేచిన ప్రతిసారీ గుండెపోటే కాదన్నదీ నిజమే. కొందరు యువకులలో అది వారి సహజ రూపం, గుండె పొర వాచినప్పుడు దాదాపు అన్ని లీడ్లలో లేస్తుంది. ఆ తేడా తేల్చడం అనుభవజ్ఞుని పని, ఇంట్లో తేల్చేది కాదు.

టీ అల గుండె తిరిగి సిద్ధమయ్యే దశ. ఏవీఆర్‌లో తలకిందులుగా ఉండటం సహజం, వీ1లో ఉండవచ్చు. మిగతాచోట్ల కొత్తగా తలకిందులైతే కారణం వెతకాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు టీ అల గురించి ఒకటి గుర్తుంచుకోవాలి. రక్తంలో పొటాషియం పెరిగితే టీ అల సన్నని గుడారంలా నిటారుగా లేస్తుంది, ఇంకా పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. వేసవిలో చలవ చేస్తుందని డయాలసిస్ రోగికి రోజుకు రెండు కొబ్బరిబోండాలు తాగించే ఇళ్లు ఉన్నాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వకూడదు.

ఆరవ మెట్టు: యంత్రం రాసిన మాటలు

కాగితం పైభాగాన యంత్రమే కొన్ని ఇంగ్లీషు మాటలు అచ్చువేస్తుంది. వాటిని చదివి ఇంటిల్లిపాదీ బెంగపడటం, లేదా నార్మల్ అన్న మాట చూసి ధీమాగా ఉండటం రెండూ సరికాదు. సైనస్ టాకీకార్డియా అంటే లయ సరిగానే ఉండి వేగం వంద దాటడం, జ్వరం, భయం, రక్తహీనత, థైరాయిడ్ వంటి ఎన్నో కారణాల వల్ల రావచ్చు. సైనస్ బ్రాడీకార్డియా అంటే వేగం అరవై లోపు ఉండటం, వ్యాయామం చేసేవారిలో, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో మామూలే. నాన్ స్పెసిఫిక్ ఎస్‌టీ టీ మార్పులు అంటే ఏదో చిన్న తేడా ఉంది, కారణం ఈ కాగితంతోనే చెప్పలేం అని. ఎల్‌వీహెచ్ అంటే ఎడమ కింది గది మందమై ఉండవచ్చని, బీపీని ఏళ్ల తరబడి అదుపులో పెట్టుకోనివారిలో తరచుగా కనిపిస్తుంది. సన్నగా ఉన్న కుర్రవాళ్లలో ఛాతీ పలుచగా ఉండటం వల్ల కూడా యంత్రం ఈ మాట రాసేస్తుంది. పూర్ ఆర్ వేవ్ ప్రోగ్రెషన్ అని ఉంటే ముందుగా ఛాతీ ఎలక్ట్రోడ్లు సరైనచోట పెట్టారా అని అనుమానించాలి. వీపీసీ అంటే మధ్యలో దొర్లిన అదనపు కొట్టుకోవడం, ఒకటో అరో ఉంటే సాధారణంగా భయం లేదు.

ఈ మధ్య చేతి గడియారాలు కూడా ఈసీజీ తీస్తున్నాయి. అది ఒకే లీడ్. లయ తప్పడాన్ని పట్టుకోగలదు గానీ గుండెపోటును తేల్చడానికి దాని మీద ఆధారపడకూడదు.

ఏడవ మెట్టు: తర్వాతి పరీక్షలు

గీతలో తేడా ఉన్నా, గీత బాగుండి లక్షణాలు ఉన్నా వైద్యుడు మరో పరీక్ష రాస్తారు. గుండె కదలికకు ఎకో, నడిచినప్పుడు వచ్చే నొప్పికి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే టీఎంటీ, వచ్చి పోయే దడకు ఇరవై నాలుగు గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్. నొప్పి అప్పుడే ఉన్నవారికి టీఎంటీ చేయరు. ఎందుకు రాశారో అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

ఎనిమిదవ మెట్టు: కాగితాన్ని దాచడం

వైద్యుడు కొత్త ఈసీజీ చూడగానే అడిగేది పాత ఈసీజీ. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఐదేళ్ల క్రితమే ఉందని తెలిస్తే ఒక నిర్ణయం, ఈ రోజే వచ్చిందంటే మరో నిర్ణయం. పాత కాగితం లేనివాడికి అనవసరమైన పరీక్షలు పెరగవచ్చు, కొన్నిసార్లు అవసరమైన చికిత్సే ఆలస్యం కావచ్చు.

అయితే ఈ కాగితం వేడికి స్పందించే రకం. ఎండ తగిలే కారు డ్యాష్‌బోర్డు మీద, బీరువా మీద, ప్లాస్టిక్ కవరులో ఉంచితే కొన్నాళ్లకు గీత మాయమై వట్టి గళ్లు మిగులుతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి అక్కడికక్కడే నల్లబడిపోవచ్చు. అందువల్ల తీసిన రోజే జిరాక్స్ తీయించి, అసలును కాగితపు కవరులో పెట్టుకోవాలి. ఫోనులో ఫోటో తీసేటప్పుడు కాగితాన్ని మడతలు లేకుండా బల్ల మీద పరిచి, నీడ పడకుండా, నాలుగు అంచులూ కనిపించేలా, నిట్టనిలువు పైనుంచి తీయాలి. సగం కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపి "ఏమైనా ఉందా డాక్టరుగారూ" అని అడిగితే ఆయన చెప్పగలిగేది ఏమీ ఉండదు. రోగి పేరు, తీసిన సమయం, అప్పుడున్న బాధ ఫోటో కింద ఒక వాక్యంలో రాయాలి.

ఒక ఆసుపత్రి నుంచి మరోదానికి, గుంటూరు నుంచి విజయవాడకో మంగళగిరి ఎయిమ్స్‌కో మార్చేటప్పుడు, అంబులెన్సు ఎక్కకముందే మూడు అడిగి తీసుకోవాలి: అక్కడ తీసిన ఈసీజీలన్నీ వరుస క్రమంలో, ఏ మందు ఏ సమయానికి ఇచ్చారో రాసిన చీటీ, ట్రోపోనిన్ ఫలితం. వాటిని సామాను సంచీలో కాకుండా, రోగి పక్కన కూర్చునేవారి చేతిలోనే ఉంచాలి.